అల్లుడు చూసుకుంటాడు

లోపల పిల్ల కెవ్వుమంది, అంటే రెప్పలు విప్పి పట్టే తీగ పెట్టేశారన్నమాట, ఇక ఎంతసేపు, రెండు కళ్ళకీ కలిపి పావుగంట, ఆ కళ్ళ డాక్టరమ్మ నిదానం మనిషి కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు వేసుకో, అనుకుంది పెద్దక్క, తలుపు బయట బల్ల మీద కూర్చుని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజు పెట్టెల్లో వెచ్చగా ఉంచే వార్డులో ఇరవై రెండేళ్ళుగా నర్సు ఆమె. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ పెద్దక్కే, అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. ఈ ఇరవై రెండేళ్ళలో ఈ పరీక్ష జరుగుతుంటే తలుపుకి ఇవతల కూర్చోవడం ఇదే మొదలు. ఎప్పుడూ లోపలే, పిల్ల తల రెండు అరచేతుల మధ్య పట్టుకుని, బొటనవేళ్ళు కణతల మీద ఆనీ ఆననట్టు ఉంచి, నాలుక మీద చక్కెర నీళ్ళ చుక్క వేసి, అయిపోయింది తల్లీ అయిపోయింది అని అబద్ధాలు చెబుతూ. ఇవాళ ఆ తల చిన్నది పట్టుకుంది. చిన్నదంటే వార్డులో అందరికంటే కొత్త నర్సు, మంచిదే, చురుకే, కానీ భయపడితే చేతులు బిగిస్తుంది, బిగిస్తే పిల్ల ఇంకా గింజుకుంటుంది, గింజుకుంటే డాక్టరమ్మకి కంటి వెనక పొర సరిగ్గా ఆనదు, ఆనకపోతే మళ్ళీ మొదట్నుంచీ. వదులుగా పట్టుకోవే పిల్లా, వదులుగా, అనుకుంటుంటే ఒళ్ళో ఉన్న చేతులు వాటంతటవే దోసిలిలా వంగాయి, వాటి మధ్య తల లేదు, మడిచిన కాగితం ఉంది. విచారణ అయ్యేదాకా నాలుగో పెట్టె పిల్లని మీరు ముట్టుకోకండి సిస్టర్, అన్నాడు పెద్ద డాక్టరు. ఎంత మర్యాదగా అన్నాడో. తిట్టినా ఇంత మండేది కాదు ఆమెకి.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు. రెండు వారాల కిందటి మంగళవారం నాలుగో పెట్టె దగ్గర, పిల్లకిచ్చే ఆక్సిజన్ని తనంతట తానే పెంచి తగ్గించే కొత్త యంత్రం లోపం వల్ల ఆ పని మానేసిందనీ, ఏడు గంటల పది నిమిషాల పాటు పిల్లకి అవసరానికి మించి ఆక్సిజన్ అందిందనీ, ఇందులో సిబ్బంది పొరపాటేమీ లేదనీ. కింద సంతకానికి చుక్కల గీత. పెడితే యంత్రం కంపెనీకి తిరిగి పోతుంది, పెద్దక్క మళ్ళీ పెట్టెల దగ్గరికి పోతుంది, చిన్నదాని ఉద్యోగం నిలుస్తుంది, పెద్ద డాక్టరు పరువు నిలుస్తుంది, పిల్ల కళ్ళు నిలుస్తాయో లేదో తలుపు అవతల తేలుతుంది. అందరికీ మంచిది సిస్టర్, మీకు మొదట్నుంచీ ఆ మెషిన్ అంటే గిట్టదు కదా, మీరు రాస్తే ఎవరైనా నమ్ముతారు, అన్నాడాయన, అని తన పెన్నే తీసి ఇచ్చాడు, ఆ పెన్ను ఇంకా ఆమె జేబులో ఉంది, గుచ్చుకుంటోంది. గిట్టదు, నిజమే. గిట్టనిదాని మీద నింద వేయడానికి చేయి రాకపోవడమేమిటి, దానికేమన్నా ప్రాణముందా, పిల్లలున్నారా, డబ్బాలో పెట్టి పంపేస్తే ఏడుస్తుందా? పెట్టేసి లేచిపోతే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే దానిలో లోపం లేదు. ఆ సంగతి ఈ ఆస్పత్రి మొత్తంలో ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

తక్కువైతే మెదడుకి దెబ్బ, ఎక్కువైతే కంటికి దెబ్బ. కొత్తగా చేరిన ప్రతి నర్సు పిల్లకీ మొదటి రోజు ఆమె చెప్పే పాఠం ఇది. కాలికి చుట్టిన పట్టీలో చిన్న ఎర్రదీపం, పైన మానిటర్ మీద ఒక అంకె, అది తొంభైకీ తొంభై ఐదుకీ మధ్య ఉండాలి, పడితే పిడి తిప్పి కొంచెం పెంచు, ఎక్కితే కొంచెం తగ్గించు, అంతే. అంతే అని చెప్పడానికి నోరుంటే చాలు. ఆ పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు, ఉన్నట్టుండి ఆపేస్తారు, అంకె జారిపోతుంది, పరిగెత్తి పెంచుతావు, ఈలోగా ఊపిరి గుర్తొస్తుంది, అంకె పైకి దూకుతుంది, నువ్వప్పటికి పక్క పెట్టె దగ్గరుంటావు. షిఫ్టుకి వందసార్లు. కుడి మణికట్టు చలికాలంలో ఇప్పటికీ సలుపుతుంది, ఇంట్లో ఆయన వేడినీళ్ళ గుడ్డ చుడుతూ, నేను ముప్పై ఏళ్ళు బస్సు స్టీరింగు తిప్పినా నాకు లేని నొప్పి నీకేంటే అంటాడు, బస్సుకి బ్రేకుంటుంది కదండీ అంటుంది తను. అలాంటి మణికట్టున్న మనిషి దగ్గరికి మెరిసే బూట్లేసుకుని వచ్చాడు కంపెనీ మనిషి. సెకనుకోసారి చూస్తుంది మేడమ్, తనే పెంచుతుంది, తనే తగ్గిస్తుంది, మీరు హాయిగా టీ తాగి రావచ్చు, అన్నాడు. టీ తాగే తీరికే ఉంటే నీ మెషిన్ ఎందుకు బాబూ, అంది తను, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. దాని మీద ఏమీ పెట్టకూడదు, తడి చేత్తో ముట్టకూడదు, పూటకోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి, అలిగితే అతనే రావాలి. ఇదెక్కడి కొత్తల్లుడమ్మా మనింటికి, అంది పెద్దక్క. ఆ పేరు అతుక్కుపోయింది. అల్లుడు లేచాడా, అల్లుడికి వైరు పెట్టారా, అల్లుడి మొహం తుడిచారా. పేరు పెట్టింది తనే, ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విందీ తనే.

మొదటి వారం దానితో పోటీ పడింది, ఎవరికీ చెప్పలేదు. మూడో పెట్టె తన చేతి మీద, నాలుగో పెట్టె దాని మీద. కూర్చోలేదు, నీళ్ళు తాగలేదు, మూడో పెట్టె ముందు కాపలా కాసింది ఆరు గంటలు. షిఫ్టు చివర అంకె ఎక్కి దిగిన గీతల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తనది రంపం పళ్ళలా ఉంది, దానిది కొంచెం వణికిన గీతంతే. ఇంటికెళ్ళి ఆయన మీద కారణం లేకుండా విరుచుకుపడింది. ఇరవై రెండేళ్ళు ఎవరి కళ్ళు కాపాడానో ఎవరి కళ్ళు పోగొట్టానో నాకేం తెలుసు అని ఆ రాత్రి ఒక ఆలోచన వచ్చింది, దాన్ని నోట్లోంచి బయటికి రానివ్వలేదు, పళ్ళు తోముకుని పడుకుంది. ఆ తర్వాత దాన్ని తిడుతూనే నమ్మింది. అందరూ నమ్మారు. అందరికంటే ముందు నమ్మినవాళ్ళు పైనున్నవాళ్ళు, మెషిన్ వచ్చింది కదా షిఫ్టుకి ముగ్గురెందుకు ఇద్దరు చాలు అని మూడో నర్సుని కింద జ్వరాల వార్డుకి పంపేశారు. ఆరు పెట్టెలకి నాలుగు చేతులు. పిడి తిప్పే పని ఒక్కటే ఉందా వీళ్ళ లెక్కలో? పాలు పట్టేదెవరు, బరువు చూసేదెవరు, గొంతులో తెమడ తీసేదెవరు, తల్లుల కన్నీళ్ళు తుడిచేదెవరు, అల్లుడా? అడగాలనుకుంది. అడిగింది కూడా. చూద్దాం సిస్టర్, అన్నాడు పెద్ద డాక్టరు, ఆయనకి చూద్దాం అనేది ఊతపదం.

ఇంట్లో ఒకసారి పాలు పొంగిపోయాయి. ఇద్దరూ వంటగదిలోనే ఉన్నారు, పొయ్యికి అటొకరు ఇటొకరు. నువ్వు చూస్తున్నావనుకున్నా అన్నాడాయన, మీరు చూస్తున్నారనుకున్నా అంది తను, గట్టు తుడుచుకుంటూ నవ్వుకున్నారు. ఒక్కతే ఉన్నప్పుడు ఎన్నడూ పొంగలేదు. ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, గుర్తు రావలసినప్పుడు రాకుండా?

పిల్ల ఏడుపు సన్నబడింది, కుడి కన్ను అయినట్టుంది, తీగ మార్చి పెడుతున్నారు. బల్ల అటు చివర కూర్చున్న తండ్రి తల ఎత్తి తలుపు వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు. దర్జీ అతను, ఎప్పుడు చూసినా చొక్కా మీద దారం ముక్కలుంటాయి, భార్య ఆ దుకాణంలోనే కాజాలు కుడుతుంది, పిల్ల ఎనిమిది వందల అరవై గ్రాములతో పుట్టినప్పుడు పెట్టెలోకి చూసి, బొత్తామంత ఉందక్కా అన్నాడు, అప్పట్నుంచీ వాళ్ళకది బొత్తామే. మిగిలిన గుడ్డ ముక్కలతో ఆరు పెట్టెల పిల్లలకీ టోపీలు కుట్టి తెచ్చాడు, నిమ్మకాయకి పట్టేంత టోపీలు, లోపల కుట్టు గుచ్చుకోకుండా మళ్ళీ మడిచి కుట్టాడు. అంత చూపు అతనిది. బయట కూర్చోండి బయట కూర్చోండి అంటూ ఆ చూపుని ఈ బల్లకి తోసింది ఎవరు? పూటకి పది నిమిషాలే అని రూలు, ఆ రూలుని రాయిలా కాపాడింది ఎవరు? ఆ మంగళవారం కూడా పది నిమిషాలయ్యాయి, అతను కదల్లేదు, యంత్రం మూలకి వంగి చూస్తున్నాడు. ఈ పట్టీ కింద ఏదో నీలంగా వెలుగుతోంది, ఏంటక్కా అది, అన్నాడు. యంత్రానికి ఆ మూల చిన్న దీపం ఉంటుంది, ఆటోలో, అంటే తనంతట తాను చూసుకుంటున్నప్పుడు నీలం, మాన్యువల్‌లో, అంటే మనిషి చేతికి ఇచ్చేసినప్పుడు పసుపు. దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది, పాలు రెండింటికి, ఐదింటికి, ఎనిమిదింటికి అని రాసి. అంటించింది పెద్దక్క. నర్సులకి అదొక జబ్బు, నున్నటి చోటు కనిపిస్తే చాలు ప్లాస్టరు అంటించి ఏదో ఒకటి రాసుకుంటారు, పెట్టె మీద, మానిటర్ మీద, సొంత చేతి గడియారం మీద. దీపం కప్పబడిపోయిందని తెలుసు కూడా, అయినా దీపం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది కదా, దాన్నేం చూస్తాం. మాన్యువల్‌లో మరిచిపోతే అది పావుగంటకోసారి టింగుమంటుంది, ఆ టింగుని మొదటి వారమే తగ్గించేశారు, అంకె పైకి ఎక్కితే మానిటర్ కూసే కూతనీ ఆపేశారు, పిల్లలు ఉలిక్కిపడుతున్నారని, అల్లుడున్నాడు కదా అని. ఏంటక్కా అది, అని అడిగిన దర్జీకి పెద్దక్క ఇచ్చిన జవాబు ఏమిటి? అదేదో మెషిన్ సంగతి, మీకెందుకు బాబూ, టైమైంది, బయట కూర్చోండి, మేమున్నాం కదా.

అతను బయటికి వెళ్ళాడు. ఒంటిగంట పది. బొత్తాం గొంతులో గరగర వినిపిస్తోంది, తెమడ తీయాలి, తీసేటప్పుడు అంకె పడుతుంది కాబట్టి ముందే కొంచెం పెంచుకోవాలి, యంత్రమే చూసుకుంటుంది అన్నాడు కంపెనీ మనిషి, వాడికేం తెలుసు గొంతులో గొట్టం పెడితే పిల్ల ఎలా నీలబడుతుందో. మాన్యువల్ నొక్కింది. ఆక్సిజన్ నలభై శాతానికి పెంచింది. తీసింది, పిల్ల తుమ్మింది, రంగు తేరింది, ఆటో నొక్కబోతుంటే ఒకటో పెట్టె మానిటర్ కూసింది, మామూలు కూత కాదు, పొడుగు కూత, ఆ పిల్లవాడు బూడిదరంగులోకి పోతున్నాడు, రెండో నర్సు పాల గదిలో ఉంది, మూడో నర్సు జ్వరాల వార్డులో ఉంది. పరిగెత్తింది. అరికాలు తట్టి, వీపు రుద్ది, మాస్కు పెట్టి, బెలూన్ నొక్కి, ఒక నిమిషం, రెండు, ఐదు, ఊపిరి రారా నాయనా అని ఎన్ని బూతులు తిట్టిందో ఆ దేవుణ్ణి, పిల్లవాడు బతికాడు. మొన్న ఇంటికెళ్ళాడు. వాడి నాయనమ్మ కాళ్ళకి దండం పెట్టబోతే వద్దమ్మా అని పట్టుకుంది, అప్పటికే తెలుసు కదా నాలుగో పెట్టె సంగతి. ఒకటి కాపాడి ఒకటి పారేసుకున్నాను అని ఆ ముసలమ్మతో ఎలా చెబుతుంది? రెండింటికి డ్యూటీ మారింది, చిన్నది వచ్చింది, పెద్దక్క చెమటతో నిలబడి ఒక్కొక్క పెట్టే అప్పజెప్పింది, ఒకటో పెట్టె గురించి పావుగంట చెప్పింది, నాలుగో పెట్టె గురించి ఒక్క ముక్క. దీనికేం చింత లేదే, అల్లుడు చూసుకుంటాడు.

చిన్నదానికి పెద్దక్క మాట వేదం. రెండు నుంచి ఎనిమిది దాకా నాలుగో పెట్టెని రెండుసార్లు తిరిగి చూసి ఉంటుంది, పిల్ల గులాబీరంగులో హాయిగా నిద్రపోతోంది, పోదూ మరి, అంత ఆక్సిజన్‌కి. అంకె తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. వంద చూసి బాగుంది అనుకుందట పిచ్చిది, వంద మార్కులొచ్చినట్టు. ఎనిమిదింటికి వచ్చిన నర్సు యంత్రం మొహం తుడుస్తుంటే తడికి ప్లాస్టరు ఊడొచ్చింది, కింద పసుపు. ఎనిమిదీ ఇరవైకి ఆటో నొక్కింది. అన్నీ యంత్రమే రాసిపెట్టుకుంది, ఏ నిమిషానికి ఏ మీట నొక్కారో. ఎవరు నొక్కారో మాత్రం దానికి రాయడం రాదు. ఆ వెసులుబాటు చూసుకునే పెద్ద డాక్టరు ఈ కాగితం టైపు చేయించాడు. ఆ ఏడు గంటల్లో పెద్దక్క ఏం చేసింది? ఇంటికెళ్ళింది, స్నానం చేసింది, అన్నం తిన్నది, ఇవాళ ఒకణ్ణి యముడి దగ్గర్నుంచి లాక్కొచ్చానండీ అని ఆయనకి గొప్పగా చెప్పుకుంది, దిండు మీద తల పెట్టీ పెట్టగానే నిద్రపోయింది. ఆ నిద్రని తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. అంత కమ్మటి నిద్ర మళ్ళీ పట్టలేదు.

"మెషినే చేసిందటగా అక్కా" అన్నాడు దర్జీ, ఉన్నట్టుండి, తలుపు వైపే చూస్తూ. "పెద్ద డాక్టరు గారు చెప్పారు. పోనీలెండి, మీరుండబట్టి ఈమాత్రమైనా ఉంది. మా ఆవిడ కూడా అదే అంటోంది, పెద్దక్క చేతిలో ఉంటే భయం లేకపోయేదని."

తిట్టు, అనుకుంది పెద్దక్క. తిట్టవయ్యా మహానుభావా, పొగడ్తలెందుకు, ఆ టోపీలెందుకు, నీ మంచితనం మోయడానికి నాకేం పట్టింది. అతను జేబులోంచి చిన్న టోపీ తీశాడు, పాతది బిగుతయిందని కొత్తది, బొత్తాం పదహారు వందల గ్రాములయింది కదా. "సూదిలో దారం ఎక్కించడం నేర్పిస్తే చాలక్కా దీనికి. మిగతా పని అదే వస్తుంది" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

కళ్ళ డాక్టరమ్మ నుదుటి మీది దీపం తీస్తూ వచ్చింది. "కుడి కన్ను ఫరవాలేదు" అంది. "ఎడమ కంట్లో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగిపోయాయి. సాయంత్రం నాలుగింటికి లేజర్ చేసేద్దాం, రేపటిదాకా ఆగొద్దు. టైముకే చూశాం, చాలామందికి నిలబడుతుంది. మాటివ్వలేను." దర్జీ లేచి నిలబడి, ఆ రోజు ఎక్కువైన ఆక్సిజన్ వల్లేనా మేడమ్, అని అడిగాడు. "ఇంత నెల తక్కువ పిల్లలకి ఆక్సిజన్ ఎక్కువ కాకపోయినా రావచ్చు. ఆ ఏడు గంటలే కారణమని ఎవరూ చెప్పలేరు. కాదని కూడా చెప్పలేరు" అని, డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఎవరూ చెప్పలేరు. భలే. ఇంక అడిగేవాడు లేడు, తేల్చేవాడు లేడు, జన్మంతా హాయిగా కాదేమోలే అనుకుంటూ బతికేయవచ్చు, ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరైనా వేయగలరా? కాగితం విప్పింది. ఇది రాస్తే యంత్రం పోతుంది, మూడో నర్సు రాదు, ప్లాస్టరు ముక్కలు ఉంటాయి, మేమున్నాం కదా ఉంటుంది, రేపు ఇంకో పెట్టెలో ఇంకో పిల్ల. పెద్ద డాక్టరు పెన్నుతోనే, ఆయన టైపు చేయించిన నాలుగు ముక్కలనీ అడ్డంగా కొట్టేసి, కాగితం వెనక తిప్పి రాసింది. యంత్రం బాగానే ఉంది. ఒంటిగంట పదికి దాన్ని మాన్యువల్‌లో పెట్టింది నేను. తిరిగి ఆటోలో పెట్టలేదు. రెండింటికి చూసుకోనక్కర్లేదని అప్పజెప్పింది కూడా నేనే. దీపం మీద ప్లాస్టరు నాది. ఆరు పెట్టెలకి ఇద్దరమే ఉన్నాం, మూడో మనిషిని తీసేసింది మీరు. సంతకం పెట్టింది, హాజరు పట్టీలో పెట్టే సంతకం, పూర్తి పేరు. తర్వాత లేచి దర్జీ ఎదురుగా నిలబడి, చదివి వినిపించింది, ఒక్క ముక్క మింగకుండా.

అతను అరవలేదు. టోపీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏడు గంటలా" అన్నాడు. "ఆ రోజంతా ఈ బల్ల మీదే ఉన్నానక్కా నేను. మీరు బయట కూర్చోమన్నారని ఇక్కడే కూర్చున్నా. గోడకి పగుళ్ళెన్నున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. ఆ ప్లాస్టరు అంచు నుంచి కూడా నాకు నీలం కనిపించింది. నీలం ఉండాలని ఒక్క మాట చెప్పుంటే, కళ్ళార్పకుండా దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి కదా."

చిన్నది పిల్లని పొదువుకుని బయటికి వచ్చింది, మొహమంతా ఏడుపు. పెద్దక్క పిల్లని ముట్టుకోలేదు, ముట్టుకోవద్దన్నారు కదా. వాళ్ళ వెనకే వార్డులోకి నడిచింది, పాల గదిలోంచి ఇనుప స్టూలు బరబరా ఈడ్చుకుంటూ వచ్చింది, ఆ చప్పుడుకి ఆరు పెట్టెల పిల్లలూ ఉలిక్కిపడ్డారు, పడనీ. స్టూలు నాలుగో పెట్టె పక్కన, యంత్రం ఎదురుగా వేసింది. గుమ్మం దగ్గర ఆగిపోయిన దర్జీ వైపు తిరిగింది.

"లోపలికి రండి బాబూ. టైము లేదు గియ్యిము లేదు, కూర్చోండి. ఇది నీలంగా ఉండాలి. పసుపైతే గట్టిగా కేకెయ్యండి. డాక్టరున్నా సరే. నేనున్నా సరే, నా మీదే కేకెయ్యండి."

అతను చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె వంక చూడలేదు. దీపం వంకే చూస్తున్నాడు.